సముద్రానికి వీపు పెట్టిన మా అత్త

విశాఖపట్నంలో తప్పక చూడాల్సినవి పన్నెండు ఉన్నాయని మా ఆయనకు ఫోన్ చెప్పింది. ఫోన్ చెప్పాక ఇక ఆ మనిషి పెళ్ళాం చెప్పినా వినడు, తల్లి చెప్పినా వినడు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో సూపర్‌వైజర్ ఆయన. పొద్దున లేస్తే లారీలు, బస్తాలు, ఊక దుమ్ము. అలాంటి మనిషి నెల రోజుల పాటు అన్నం కంచం ముందు ఫోన్ నిలబెట్టుకొని, నల్లకళ్ళద్దాల కుర్రాళ్ళు "హాయ్ ఫ్రెండ్స్" అని అరిచే వీడియోలన్నీ చూసి, ఒక కాగితం మీద వరుసగా నంబర్లు వేసి జాబితా రాశాడు. ఒకటి కైలాసగిరి. రెండు తొట్లకొండ. మూడు సబ్‌మెరైన్. అలా పోయి పోయి పన్నెండు దగ్గర "బీచ్, సన్‌సెట్" అని రాసి కింద గీత కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అసలు ఆ ప్రయాణం పెట్టుకున్నదే ఆ పన్నెండో దాని కోసం. మా అత్త సముద్రంలో నిలబడాలి. ఆమె అడిగింది అదొక్కటే. మిగతా పదకొండూ ఈయనగారి సొంత సరదా.

మా అత్తది త్రిపురారం దగ్గర కాలువ కింది పల్లె. పెళ్ళయిన ఏడాది నుంచి మోకాళ్ళు మూలబడేదాకా నాట్ల ముఠాలో పని చేసింది. వరి నాటే మనిషి ఎప్పుడూ వెనక్కే నడుస్తుంది. ముందుకు నడిస్తే తను పెట్టిన నాటును తనే తొక్కుకోవాలి. అందుకని నడుం వంచి, ఎడమచేతిలో నారు పట్టుకొని, కుడిచేత్తో గుచ్చుతూ, బురదనీళ్ళలో ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంది. వెనక ఏముందో కనపడదు. నారు కట్టలు అందించే మనిషి వెనకాల ఉండి, గట్టు దగ్గరపడగానే "గట్టొచ్చింది" అని కేకేస్తుంది. ఇదంతా నేను చూసి చెప్తున్నది కాదు, ఆమె వేల సార్లు చెబితే విన్నది. నేను బట్టలు కుట్టే ఇంటి పిల్లను. మిర్యాలగూడలో నాకు చిన్న లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా మడిలో కాలు పెట్టలేదు. అందుకు ఆమె నాకు పెట్టిన పేరు "మడిల దిగని కోడలు". పెళ్ళిళ్ళలో అంటుంది, చావు ఇళ్ళలో అంటుంది, నా షాపుకు వచ్చిన కస్టమర్ల ముందు కూడా అంటుంది. ఆమె మీద నాకు ప్రేమ పొంగిపొర్లుతోందని ఎవరూ అనుకోవద్దు.

ఎప్పుడో ఆమె ముఠా ఆడవాళ్ళంతా కూడబలుక్కొని ఒక ఎండాకాలం సముద్రం చూడ్డానికి పోయారు. మా మామ ఈమెను పంపలేదు. వాళ్ళు తిరిగొచ్చి ఊరుకోవచ్చు కదా! ప్రతి నాట్లప్పుడూ, ప్రతి మడిలోనూ అదే ముచ్చట. "నడుం దాక పోనక్కర్లేదే, పాదాలు తడిస్తె సాలు. అల ఎనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుక జారుతది సూడు, భూమిని ఎవరో గుంజుకపోతున్నట్టుంటది." ఆ మాట విని విని మా అత్తకు అదొక తీరని కోరికైంది. తిరుపతి వద్దంది, కాశీ వద్దంది. కాళ్ళ కింద ఇసుక జారితే ఎలా ఉంటుందో తెలియాలంది.

ఈ సంవత్సరం సూర్యాపేట దవాఖానలో రెండు మోకాళ్ళూ మార్చాలన్నారు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. మా అత్త డాక్టర్ ముందే, కొడుకు తనను ముందు సముద్రానికి తీసుకుపోవాలని పట్టుబట్టి కూర్చుంది.

"ఆపరేషన్ అయినంక హాయిగ నడుసుకుంట పోవచ్చు గదమ్మా," అన్నాడు మా ఆయన.

"అప్పుడు నిలబడేది నేనా? ఆ ఇనుప చిప్పలు నిలబడతయి. నా కాళ్ళు నాకున్నప్పుడే నిలబడాలె."

డాక్టర్ నవ్వాడు, మేమూ నవ్వాం. ఆమె నవ్వలేదు. నెల తర్వాత ఒక సోమవారం రక్తపరీక్షలకు రమ్మన్నారు. మిల్లులో ఆయనకు సెలవు దొరికింది దానికి ముందు శుక్ర, శని, ఆదివారాలే. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. సముద్రపు ఊళ్ళో ఉండేది ఒక్క శనివారం. ఆ ఒక్క శనివారం నెత్తిన ఈయన పన్నెండు స్పాట్లు ఎత్తాడు.

సూర్యాపేట నుంచి కిరాయి కారు తెప్పించి శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. కోదాడలో మా ఆడబిడ్డ ఎక్కింది. ఆమె మొగుడిది ఆంధ్రా సరిహద్దు ఊరు, కాబట్టి ఆమె మాటలో ఇప్పుడు సగం ఇటు, సగం అటు. "వదినా, సన్‌స్క్రీన్ తెచ్చారా? అక్కడ ఎండ బాగా ఉంటుందంట," అంది ఎక్కుతూనే. ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో నిలబడి ఆటో కోసం కొట్లాడే మనిషికి విశాఖ ఎండ భయమట! కోదాడ దాటితే ఇడ్లీకి కూడా 'గారు' తగిలిస్తారని మా అత్త నమ్మకం. దారిలో హోటల్ అబ్బాయి "ఇంకో రెండు ఇడ్లీలు వేయమంటారాండీ" అంటే ఆమె నా వైపు వంగి "ఇంటివా, నేను సెప్పలె?" అంది. ఆ ప్రయాణంలో మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదటిసారి.

లాడ్జిలో సీ వ్యూ రూమ్ అన్నారు. కిటికీ తెరిస్తే రెండు మేడలు, వాటి మీద రెండు నల్ల నీళ్ళ ట్యాంకులు, ఆ ట్యాంకుల సందులోంచి జాకెట్టు అంచుకు వేసే పైపింగంత నీలం గీత. అదే వ్యూ. మా ఆయన ఆ గీతను ఫోటో తీసి మిల్లు గ్రూపులో పెట్టాడు.

"ఏదిరా సముద్రం?" అంది మా అత్త.

"గదేనమ్మా. రేపు పోదాం."

"గది నా కొంగంత లేదు."

శనివారం తెల్లారగానే కైలాసగిరి. కొండ మీద పెద్ద శివపార్వతులు, చిన్న రైలు, తీగ మీద వేలాడే డబ్బాలు. మంచి కొండే, గాలి బాగా వస్తుంది, నేనెందుకు కాదనాలి? అక్కడికొచ్చిన జనాన్ని చూస్తేనే నాకు అసహ్యం వేసింది. ఒక్కడికీ కొండ అక్కర్లేదు, దేవుడక్కర్లేదు. వచ్చినవాడు వచ్చినట్టు అన్నిటికీ వీపు తిప్పి, తన మొహం తనే ఫోటో తీసుకుంటున్నాడు. మొహం ఇంట్లో లేదా? అద్దం లేదా? మా ఆడబిడ్డ ఒక్కచోట నిలబడి పదిహేడు ఫోటోలు తీయించుకుంది. నేనే తీశాను కాబట్టి లెక్క తెలుసు. ప్రతి దాంట్లో తల ఒకే పక్కకు వంచింది, మెడ పట్టేసిన మనిషిలాగా.

అక్కణ్ణుంచి కింద సముద్రం బారెడు పొడుగున కనపడింది. మా ఆయన కాగితం తీసి ఒకటో నంబరు పక్కన టిక్కు పెట్టి, "సూసినవా అమ్మా, ఇగో సముద్రం. అయిపాయె," అన్నాడు.

"సూసుడు టీవీల గూడ సూసిన. దిగాలె."

తర్వాత తొట్లకొండ. ఎప్పుడో బౌద్ధులు ఉన్న కొండ, ఇటుకల పునాదులు మిగిలాయి. మా ఆయన అక్కడ ప్రతి ఇటుక దగ్గరా "అబ్బ, ఏం హిస్టరీ!" అంటున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా సూర్యాపేట పక్కనే ఫణిగిరి ఉంది, అదీ బౌద్ధుల కొండే. పెద్దవూర దాటితే సాగర్, పడవెక్కితే నాగార్జునకొండ. ఈ మనిషి పుట్టి యాభై నాలుగేళ్ళయింది, రెండిట్లో ఒక్కటీ చూడలేదు. ఆ మాటే అడిగాను.

"గవి మన దగ్గరియే గద. ఎప్పుడన్న సూడొచ్చు," అన్నాడు.

ఇలాంటి వాళ్ళ కోసమే ప్రపంచంలో దూరపు ఊళ్ళన్నీ పుట్టాయి.

మిట్టమధ్యాహ్నం సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చాం. యుద్ధంలో తిరిగిన పడవట, తెచ్చి ఒడ్డున గౌరవంగా నిలబెట్టారు. దాని తప్పేమీ లేదు. కానీ అది ఉన్నది ఎక్కడ? సముద్రపు ఒడ్డునే. రోడ్డు పక్కన అది, దాని వెనక ఇసుక, ఇసుక అవతల నీళ్ళు. మా అత్త మెట్లెక్కలేదు కాబట్టి ఆమెను నీడలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి, నన్ను కాపలా పెట్టి, అన్నాచెల్లెళ్ళిద్దరూ సముద్రం లోపల మనుషులు ఎలా ఉంటారో చూడ్డానికి క్యూలో నిలబడ్డారు. బయట సముద్రం బయటే ఉంది.

అల వచ్చి విరిగిన చప్పుడు వినపడినప్పుడల్లా మా అత్త కాలి వేళ్ళు కదులుతున్నాయి. కాసేపయ్యాక నా మోచెయ్యి పట్టుకుంది.

"మనమిద్దరం పోదామానే?"

"ఎండ సూడు అత్తమ్మా, ఇసుక కాలిపోతది. సాయంత్రం తీస్కపోతడు గద నీ కొడుకు."

ఎండ నిజమే. కానీ నిజం అదొక్కటే కాదు. ఆమె బరువు మనిషి. ఆ ఇసుకలో ఆమెను మోసుకుంటూ నడిపించాల్సింది నేను. నాకు బద్ధకమైంది. ఇరవై ఎనిమిదేళ్ళు నన్ను దెప్పావు కదా, ఒక్క పూట ఆగు అని కూడా లోపల ఎక్కడో అనిపించింది. పొద్దున్నుంచీ అందరి మీదా మూతి విరుస్తున్న నేను ఆ పూట చేసిన ఘనకార్యం అది.

ఆమె నా చెయ్యి వదిలేసింది. "మడిల దిగనిదానివి, నీకేం ఎరుక," అంది, తిట్టినట్టు కాదు, ఊరికే అన్నట్టు.

మధ్యాహ్నం తర్వాత స్పాట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎక్కడ దిగామో, ఎక్కడ ఎక్కామో నాకు గుర్తు లేదు. ప్రతి చోటా పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఊరి పేరు రాసి ఉంది, దాని ముందు ఫోటోకు మళ్ళీ క్యూ. చివర్లో మా ఆడబిడ్డ గవ్వల తెర కొనాలంది. అదే తెర మా మిర్యాలగూడ ఎగ్జిబిషన్‌లో ప్రతి ఏడాదీ వేలాడుతుంది, ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. "ఇక్కడివి ఒరిజినల్ వదినా, సముద్రం పక్కనే కదా," అంది. గవ్వలు ఒక్కోటి గీరి చూసి బేరమాడేసరికి ముప్పావు గంట. మా అత్త కారు వెనక సీట్లో కూర్చొని ఆకాశం రంగు చూస్తోంది. సోమవారం ఎంతో దూరంలో లేదు. రేపు తెల్లారకముందే కారెక్కాలి. ఆమెకు మిగిలింది ఆ సాయంత్రం వెలుగే.

బీచ్‌కు చేరేసరికి ఎండ తగ్గిపోయింది. మా ఆయన పరుగున పోయి, సముద్రం వైపు ఫోన్ నిలబెట్టి, కదలకుండా నిలబడ్డాడు. సన్‌సెట్ వీడియో తీస్తాడట. నేను మా అత్తను కారులోంచి దించుతూ కింద చూశాను. నా నీడ సముద్రం వైపు పడుతోంది.

"ఏమయ్యా, సూర్యుడు నీ ఎనక ఉన్నడు!"

"ఆగు. వీడియోల సముద్రంలనే మునిగిండు."

పక్కన మరమరాలతో మురీ మిక్చర్ కలుపుతున్నాయన గరిటె ఆపి నవ్వాడు. "ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి వస్తాడండీ బాబూ, సముద్రంలోకి పోడు. పోయేది అటు," అని మేడల వైపు చూపించాడు. అప్పటికే సగం సూర్యుడు ఒక హోటల్ వెనక్కి పోయాడు. ఈ సన్‌సెట్ కోసమే కదా పొద్దున్నుంచీ ముసలిమనిషిని ఊరంతా తిప్పి తిప్పి ఆపింది! ఛీ, ఏం మనుషులం అనిపించింది. ఆయన ఇంకా నమ్మక ఫోన్‌లో వేరే వీడియో వెతుకుతున్నాడు. అది ఏ పడమటి సముద్రానిదో ఏమో.

ఒడ్డున ఈలలు మొదలయ్యాయి. కాపలా ఉండే మనిషి ఒకతను చీకటి పడుతోంది, పది నిమిషాల్లో అందరూ బయటికి రావాలి అని అరుస్తూ తిరుగుతున్నాడు.

మా అత్త ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్ళు పైకి తీసి, కాళ్ళ సందున గోచీ దోపింది. "పట్టుకో," అంది నాతో. పట్టుకున్నాను. ఇసుకలో ఆమె పాదం దిగబడితే మళ్ళీ పైకి రావడానికి ఎంతసేపో! మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ నేను, వెనక్కి పోదామా అని అడగబోయి నోరు మూసుకున్నాను. తడి ఇసుక దగ్గరికి రాగానే ఆమె నా చెయ్యి వదిలించుకుంది. వంగి నీళ్ళు ముట్టి కళ్ళకద్దుకుంది. కొత్త మడిలో దిగేముందు అలాగే చేసేవాళ్ళట. తర్వాత సముద్రానికి వీపు తిప్పింది.

నాకు ముందు అర్థం కాలేదు. మోకాళ్ళు వంగని మనిషి నడుం మాత్రం అలవాటుగా వంచింది. ఎడమచెయ్యి కడుపు దగ్గర, కుడిచెయ్యి కిందికి. చేతిలో నారు లేదు, అంతే తేడా. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వెనక్కి.

ఈల గట్టిగా మోగింది. "అమ్మా! అటు తిరగండమ్మా! కెరటానికి వీపు పెట్టకూడదు, పడిపోతారు!"

పక్కన ఎవరో పకపకా నవ్వారు. ఒకడు ఫోన్ ఎత్తాడు. నవ్వండిరా, నవ్వండి. మీరు తిన్న అన్నం అంతా ఆమె ఇలా నడిస్తేనే వచ్చింది.

"తిరుగు అత్తమ్మా! సముద్రం దిక్కు తిరుగు!" అని నేనూ అరిచాను.

"తిరిగితె పడతనే! నీళ్ళల్ల ముందుకు నడుసుడు నాకు రాదు!"

ఆమె వెనకాల పెద్ద అల లేచింది. ఆమెకు కనపడదు. కేకేసే మనిషి వెనక లేదు. నేను చెప్పులైనా విప్పకుండా నీళ్ళలోకి ఉరికి, ఆమెను దాటి వెనక్కి పోయి, నేను కూడా సముద్రానికి వీపు పెట్టి, రెండు చేతులతో ఆమె నడుం పట్టుకున్నాను. అల వచ్చి నా వీపు మీద పడింది. బస్తా మీద పడ్డట్టే ఉంది. మెడ దాకా తడిసిపోయాను. ఆమెకు తగిలింది మోకాళ్ళ దాకానే.

అల వెనక్కి మళ్ళింది. మా ఇద్దరి కాళ్ళ కింద ఇసుక కదిలింది. మా అత్త ఒళ్ళంతా బిగుసుకుంది.

"జారుతున్నదే," అంది. "జారుతున్నది పిల్లా. అవ్వ తోడు, జారుతున్నది."

ఇంకో అల వచ్చిపోయింది. ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"ఎనక గట్టుందా?"

"లేదు అత్తమ్మా. ఈడ గట్టు ఉండదు."

"మరి ఎనక ఏమున్నది?"

"నేనున్న."

ఈలలాయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు కానీ ఈల ఊదలేదు. నాలుగు అలలు అయ్యాక ఆమె నడుం ఎత్తి, అప్పుడు మెడ తిప్పి సముద్రాన్ని ఒక్కసారి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, గట్టు మీద నిలబడి మడిని చూసినట్టు చూసింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క మడి పారదాయె. ఏం జేసుకుంటరు?"

ఒడ్డుకొచ్చేసరికి మా ఆయన ఉరుక్కుంటూ వచ్చాడు. సూర్యుడి కోసం చూస్తూ తల్లిని చూడలేదు. "అమ్మా, ఒక్కసారి మళ్ళ దిగు. వీడియో తీస్త. పన్నెండోది ఇదే గద."

"మా మునుం అయిపోయింది. ఒడ్డెక్కినం," అని ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. మునుం అంటే నాట్లలో మనిషి పట్టుకున్న వరస. ఆమె నోట 'మా' అనే మాటలో నేను ఉండటం నాకు తెలిసి అదే మొదలు. నా ఎడమకాలి చెప్పు లేదని అప్పుడు చూసుకున్నాను. సముద్రం తీసుకుపోయింది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చిన పది రోజులకు త్రిపురారం నుంచి ఆమె ముఠా మనిషి ఒకామె చూడ్డానికొచ్చింది. ఆనాడు సముద్రానికి పోయినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. నేను చాయ్ పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చేసరికి ముచ్చట సాగుతోంది.

"ఎట్లున్నదే విశాకపట్నం?"

"ఏమున్నది. కొండలు మనకు లేవా? ఇటుకలు మనకు లేవా? ఒడ్డున పడవ బెట్టి దాన్ని సూడ లైన్ కడతరు. నీళ్ళు నోట్ల బెట్టేటట్టు లేవు."

"గదంత కాదు. ఇసుక జారిందా?"

"జారింది. నువ్వు సెప్పినట్టె జారింది."

"అయ్యో, మరి ఈ కాళ్ళతోటి పడలేదా?"

"యాడ పడత? ఎనక మనిషుంటె."

అప్పుడు నన్ను చూసింది. వెంటనే గొంతు మార్చింది.

"సెప్పులతోటి దిగింది నీళ్ళల్ల. ఒకటి కొట్టుకపాయె. మడిల దిగని కోడలు గద, ఏం ఎరుక. ఇగ సూడు, ఈ వానకాలం నేనే దగ్గరుండి నేర్పుత."